ఉలూరు వెళ్లాలనుకునే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వచ్చిన అమ్మానాన్నలు, ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ ఒక్కసారైనా చూడాలనుకునే కుర్రాళ్లు, హైదరాబాద్‌లో ప్యాకేజీ టూర్ బేరమాడుతున్నవాళ్లు, అందరూ అటూ ఇటూగా ఇవే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

ఉలూరు ఎక్కడుంది? వీకెండ్‌లో వెళ్లి వచ్చేయొచ్చా?

ఉలూరు ఒక పెద్ద ఎర్ర రాతి కొండ. ఆస్ట్రేలియా నడిబొడ్డున, నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతం దక్షిణ కొసన ఉంది. సిడ్నీ నుంచి విమానంలో సుమారు మూడున్నర గంటలు. దిగే ఎయిర్‌పోర్టు పేరు ఇప్పటికీ ఎయర్స్ రాకే. అక్కడికి దగ్గర్లోనే యులారా అనే చిన్న ఊరు. హోటళ్లు, పెట్రోల్ బంకు, సూపర్‌మార్కెట్, క్లినిక్ అన్నీ అందులోనే. యులారా నుంచి కొండ దగ్గరికి ఇంకో 20 కిలోమీటర్లు.

వీకెండ్‌లో వెళ్లడం కుదరక కాదు, కుదురుతుంది. శనివారం మధ్యాహ్నం దిగి, ఒక సూర్యాస్తమయం, ఒక సూర్యోదయం చూసి, ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లే తిరిగొచ్చి "ఏముందండీ, ఎర్రటి రాయి" అంటారు. నా సలహా కనీసం మూడు రాత్రులు. పార్కు టికెట్ కూడా మూడు రోజులకే ఇస్తారు. ఇది రాసేటప్పటికి పెద్దలకు 38 ఆస్ట్రేలియా డాలర్లు, 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం.

ఎయర్స్ రాక్, ఉలూరు ఒకటేనా?

ఒకటే. 1873లో విలియం గాస్ అనే సర్వేయర్ ఇటువైపు వచ్చి, అప్పటి సౌత్ ఆస్ట్రేలియా చీఫ్ సెక్రటరీ సర్ హెన్రీ ఎయర్స్ పేరు దీనికి పెట్టాడు. అంతకు పదుల వేల ఏళ్ల ముందు నుంచీ ఇక్కడ ఉంటున్న అనంగు ప్రజలు దీన్ని ఉలూరు అనే పిలుస్తున్నారు. 1993లో ప్రభుత్వం రెండు పేర్లూ కలిపి ఎయర్స్ రాక్/ఉలూరు అంది. 2002లో వరస మార్చి ఉలూరును ముందుకు తెచ్చింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా ఉలూరు అంటే చాలు.

కొండ ఎక్కనివ్వరట కదా. ఎందుకు?

నిజమే. 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం. ఎక్కితే జరిమానా, కేసు. పాత యూట్యూబ్ వీడియోల్లో గొలుసు పట్టుకుని ఎక్కుతున్నవాళ్లు కనిపిస్తారు. ఆ గొలుసు 1964లో వేసింది, ఇప్పుడు పీకేశారు. గొలుసు పాతిన చోట లక్షల పాదాలు అరగదీసిన తెల్లటి చార మాత్రం రాతి మీద అలాగే ఉంది. దూరం నుంచే కనిపిస్తుంది.

తేదీ వెనక కథ ఉంది. 1985 అక్టోబర్ 26న ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ నేలను అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. వాళ్లు వెంటనే దాన్ని 99 ఏళ్లకు నేషనల్ పార్కుగా లీజుకిచ్చారు. అంటే యజమానులు వాళ్లు, నిర్వహణ ఉమ్మడిది. టికెట్ డబ్బులో నాలుగో వంతు వాళ్లకు వెళుతుంది. పార్కు బోర్డులోని 12 మందిలో 8 మంది అనంగులే. నేల చేతికొచ్చాక వాళ్లు "దయచేసి ఎక్కకండి" అని బోర్డులు పెట్టి అడుగుతూ వచ్చారు. ఆజ్ఞాపించలేదు, అడిగారు. ఏళ్ల తరబడి అడిగాక, 2017లో పార్కు బోర్డు ఏకగ్రీవంగా మూసేయాలని తీర్మానించింది. అప్పగింత జరిగిన తేదీనే అమలుకు ఎంచుకున్నారు.

కారణాలు మూడు. ఎక్కే దారి మాలా అనే పూర్వీకులు నడిచిన దారి, వాళ్ల ధర్మంలో దానికి పెద్ద స్థానం ఉంది. రెండోది ప్రాణాలు: 1950ల నుంచి ఈ కొండ మీద కనీసం 37 మంది చనిపోయారు, తమ ఇంటికొచ్చిన మనిషి చనిపోతే ఆ బాధ్యత తమదే అని అనంగు బాధపడతారు. మూడోది ఎవరూ గట్టిగా చెప్పరు కానీ నాకు అన్నిటికన్నా సూటిగా తగిలేది. పైన టాయిలెట్ లేదు. వాన పడితే పైనున్నదంతా కిందికి, జంతువులూ పక్షులూ తాగే నీటి గుంటల్లోకి వచ్చేది.

ఎక్కేది లేకపోతే అంత డబ్బు పెట్టి వెళ్లి చేసేదేంటి?

చుట్టూ నడవాలి. మనకు గిరి ప్రదక్షిణ కొత్త కాదు కదా. అరుణాచలంలో 14 కిలోమీటర్లు నడిచినవాళ్లకు ఇది తేలికే. ఉలూరు చుట్టూ దారి 10 కిలోమీటర్ల పైచిలుకు, అంతా చదును, మూడున్నర గంటలు పడుతుంది. కాకపోతే పోలిక అక్కడితో సరి. ఇక్కడ దేవుడి చుట్టూ తిరుగుతున్నామని అనంగు ఎవరూ చెప్పరు, మొక్కమని అడగరు. వాళ్ల ఊళ్లో వాళ్లు చూపించిన దారిలో నడుస్తున్నాం, అంతే.

దూరం నుంచి ఫోటోల్లో ఉలూరు నున్నటి రొట్టెలా కనిపిస్తుంది. దగ్గరికెళితే ఆ భ్రమ పోతుంది. 348 మీటర్ల ఎత్తు గోడ నిండా మడతలు, బొరియలు, గుహలు, నీళ్లు జారిన నల్లటి చారలు. రాతి పైపొర పొలుసులు పొలుసులుగా లేచి ఉంటుంది, ఎండ పడ్డ వైపు ఇటుక రంగు. అదే గుహ లోపలికి తొంగి చూస్తే రాయి బూడిద రంగులో ఉంటుంది. అదీ దాని అసలు రంగు. రాతిలోని ఇనుము గాలికీ నీటికీ తుప్పు పట్టడం వల్లే బయట ఆ ఎరుపు.

మొత్తం చుట్టలేకపోతే రెండు చిన్న నడకలు తప్పకుండా చేయండి. ఒకటి మాలా నడక: కంజూ లోయ దాకా వెళ్లి రావడానికి 2 కిలోమీటర్లు. దారిలో ఆడవాళ్ల వంట గుహ, పెద్దల గుహ, మగపిల్లలకు పాఠం చెప్పిన గుహ వరసగా వస్తాయి. పాఠాల గుహ గోడ మీద బొమ్మలు ఇంకా ఉన్నాయి. ఈ నడకను పార్కు రేంజర్లు ఉచితంగా దగ్గరుండి చూపిస్తారు. చలికాలంలో (అక్కడ జూన్, జూలైలు) ఉదయం 10కి, ఎండాకాలంలో 8కి మొదలవుతుంది. డబ్బు కట్టే టూర్లన్నిటికంటే ఇదే నాకు మేలనిపిస్తుంది. రెండోది కునియా నడక: ముతిజులు నీటిగుంట దాకా, రానూపోనూ కిలోమీటరు. ఎడారిలో ఉన్నామనే సంగతి అక్కడ మర్చిపోతాం. చెట్ల నీడ, పక్షుల గోల, చల్లటి రాయి.

పవిత్ర స్థలం అన్నారు కదా. చెప్పులు విప్పాలా? కొబ్బరికాయ కొట్టొచ్చా?

నవ్వకండి, ఇది చాలామంది అత్తయ్యలూ మామయ్యలూ అడిగే ప్రశ్నే. చెప్పులు విప్పొద్దు. ముళ్లు, వేడి, పాములు. కొబ్బరికాయ, పసుపు కుంకుమ, అగరొత్తులు ఏమీ వద్దు. గుహ గోడల మీది బొమ్మల్ని ముట్టుకోవద్దు. మన భక్తి మంచిదే, కానీ ఇంకొకరి పూజగదిలోకి వెళ్లి మన పద్ధతిలో దీపం పెట్టం కదా. మనసులో దణ్ణం పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక్కడి కథలేంటి? చుకుర్పా అంటే?

చుకుర్పా అనేది అనంగు ప్రజల ధర్మం, చట్టం, సృష్టి కథ, భూమి పటం, బడి, అన్నీ కలిసినది. లోకానికి రూపం లేని కాలంలో పూర్వీకులైన ప్రాణులు, అంటే పాము, బల్లి, వాలబీ అనే చిన్న కంగారూ వంటివి మనుషుల్లా తిరుగుతూ చేసిన పనులే ఇప్పుడు కొండలు, గుంటలు, పగుళ్లుగా ఉన్నాయని వాళ్లు చెబుతారు. అది అయిపోయిన పురాణం కాదు. పెళ్లి ఎవరితో చేసుకోవాలి, వేట పంచుకోవడం ఎలా, నీరు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఇప్పటికీ అందులోనే ఉన్నాయి.

బయటివాళ్లకు చెప్పే కథల్లో ఒకటి కునియాది. కునియా కొండచిలువ జాతి స్త్రీ. గుడ్లు మోసుకుంటూ తూర్పు నుంచి వచ్చింది. ఆమె మేనల్లుణ్ణి లీరు అనే విషసర్పాల యోధులు చంపేశారు. ఆ దుఃఖంతో ముతిజులు గుంట దగ్గర ఒక లీరు యోధుణ్ణి నిలదీస్తే అతను వెక్కిరించాడు. కోపంతో దుంపలు తవ్వే కర్రతో రెండు దెబ్బలు వేసింది. ఆ రెండు దెబ్బల గాట్లు గోడ మీద నిలువుగా కనిపిస్తాయి. గైడ్ వేలు చూపించే దాకా అవి మామూలు పగుళ్లే. చూపించాక ఇంక వేరేలా చూడలేం.

ఇంకోటి మాలా వాళ్ల కథ. వాళ్లు పెద్ద జాతర మొదలుపెట్టిన వేళ పడమటి నుంచి ఇద్దరు వచ్చి తమ జాతరకు రమ్మన్నారు. మొదలుపెట్టిన క్రతువును మధ్యలో వదిలి రాలేమన్నారు మాలాలు. అవమానపడిన పడమటివాళ్లు కుర్పన్ అనే రాక్షస కుక్కను సృష్టించి పంపారు. లూన్ప అనే లకుముకి పిట్ట హెచ్చరించినా మాలాలు వినలేదు. కొందరు చచ్చారు, మిగిలినవాళ్లు దక్షిణానికి పారిపోయారు. మొదలుపెట్టిన పని పూర్తి చేయాలి, హెచ్చరిక వినాలి అని రెండూ ఒకే కథలో పిల్లలకు నేర్పుతారు.

మనకు చెప్పేది పిల్లలకు చెప్పే మేరకే. మిగతాది వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి, హక్కును బట్టి వాళ్లలో వాళ్లకే తెలుస్తుంది. గైడ్‌ను "ఇంకా చెప్పండి, అసలు కథేంటి" అని గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పనిది కూడా ఆ చోటులో భాగమే అని ఒప్పుకుంటే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

ఫోటోలు తీయొచ్చా? డ్రోన్?

కొండ మొత్తాన్ని దూరం నుంచి ఎన్నైనా తీసుకోండి. చుట్టూ నడిచేటప్పుడు మాత్రం కొన్ని చోట్ల, ముఖ్యంగా ఈశాన్యం వైపు, ఫోటోలూ వీడియోలూ వద్దని బోర్డులు ఉంటాయి. అక్కడి రాతి ఆకారాలు వాళ్లకు పవిత్ర గ్రంథంతో సమానం. కొన్ని ఆడవాళ్లే చూడాల్సినవి, కొన్ని మగవాళ్లే. మీ ఫోటో ఫేస్‌బుక్‌లోకి వెళితే చూడకూడనివాళ్లు కూడా చూస్తారు. బోర్డు కనిపించగానే ఫోన్ జేబులో పెట్టడమే. కల్చరల్ సెంటర్ లోపల కూడా ఫోటోలు వద్దు. అనంగు మనుషుల్ని అడగకుండా తీయొద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలేసి రండి.

ప్రపంచంలో అతిపెద్ద ఏకశిల ఇదేనా?

టూరిస్ట్ కరపత్రాల మాట అది. భూగర్భ శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఉలూరు విడిగా పడున్న బండ కాదు, నేల కింద కిలోమీటర్ల లోతుకు దిగిన రాతిపొరల కొస. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఎత్తైన పర్వతాలుండేవి. వాటి నుంచి వానకు కొట్టుకొచ్చిన ఇసుక పొరలు పొరలుగా పేరుకుని రాయైంది. తర్వాత, 40 కోట్ల ఏళ్ల కిందటి ప్రాంతంలో, భూమి నలిగి ఆ పొరలు దాదాపు నిలువుగా తిరిగిపోయాయి. కొండ మీద కనిపించే సమాంతర గీతలు ఆ పొరల అంచులే. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోయి గట్టిది మిగిలింది.

కటా జూటా కూడా చూడాలా? అదీ ఇలాంటిదే కదా?

చూడాలి. రోడ్డు మీద యులారా నుంచి 50 కిలోమీటర్ల పైన. 36 రాతి గుమ్మటాలు గుంపుగా, వాటిలో పెద్దది నేల నుంచి 546 మీటర్లు, అంటే ఉలూరు కన్నా దాదాపు 200 మీటర్లు ఎక్కువ. రాయి కూడా వేరు. ఇక్కడ గుండ్రటి గులకరాళ్లు, బండలు ఇసుకలో ఇరుక్కుని గట్టిపడ్డాయి, గోడ పక్కన నిలబడితే ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

కాళ్లలో బలముంటే "వ్యాలీ ఆఫ్ ద విండ్స్" నడక చేయండి. 7.4 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటలు. ఇది ఉలూరు చుట్టూ నడకలా చదును కాదు, రాళ్ల మీద ఎక్కడం దిగడం ఉంటుంది. ఆ రోజు ఎండ 36 డిగ్రీలు దాటుతుందని సూచన ఉంటే ఉదయం 11కి మొదటి వ్యూ పాయింట్ దగ్గరే గేటు వేసేస్తారు. అంత ఓపిక లేనివాళ్లకు వాల్పా లోయ ఉంది, 2.6 కిలోమీటర్లు. కటా జూటా కథలు మాత్రం అడగొద్దు. అది మగవాళ్ల ధర్మానికి సంబంధించిన చోటు, బయటివాళ్లకు ఏదీ చెప్పరు.

రెండిట్లో ఒకటే చూసే వీలుంటే ఏది అని అడిగితే, నేను నడకకు కటా జూటా, నిలబడి చూడ్డానికి ఉలూరు అంటాను.

ఏ నెలలో వెళ్లాలి?

సంక్రాంతి సెలవులకు వెళ్లొద్దు. జనవరి అక్కడ నడి ఎండాకాలం, 40 డిగ్రీలు దాటడం మామూలు. మే నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా బాగుంటుంది. మన పిల్లల వేసవి సెలవులు, అంటే ఏప్రిల్ చివర, మే నెలలు, చక్కగా సరిపోతాయి. పగలు 20 నుంచి 30 మధ్య. జూన్, జూలైల్లో పగలు హాయి, రాత్రి మాత్రం సున్నాకు దగ్గరగా, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. ఎడారి కదా అని స్వెట్టర్ లేకుండా వచ్చి, సూర్యోదయం చూడ్డానికి హోటల్ దుప్పటి కప్పుకుని నిలబడేవాళ్లు ప్రతి చలికాలం కనిపిస్తారు.

మాకు రెంటచింతల ఎండలు అలవాటే. ఆ ఎండ మమ్మల్నేం చేస్తుంది?

ఈ ధీమాతోనే ప్రమాదం. గాలిలో తేమ లేదు కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు ఎండిపోతున్న సంగతి తలనొప్పి వచ్చేదాకా అర్థం కాదు. నడిచే ప్రతి గంటకు మనిషికి లీటరు నీళ్లు లెక్క. మొత్తం చుట్టాలంటే తలా నాలుగు లీటర్లు. దారి పొడవునా దుకాణాలుండవు. మాలా పార్కింగ్ దగ్గర, కల్చరల్ సెంటర్ దగ్గర టాయిలెట్లున్నాయి, మధ్యలో ఆశ పెట్టుకోవద్దు. పొద్దున వెలుగు రాగానే మొదలుపెట్టి 11 లోపు ముగించండి. టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. మజ్జిగ ప్యాకెట్ దొరకదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట తెచ్చుకోండి.

ఈగల సంగతి నిజమేనా?

నిజమే. సెప్టెంబర్ నుంచి వేడి నెలలంతా కళ్లలో, ముక్కులో, మాట్లాడితే నోట్లో. కుట్టవు, కానీ వదలవు. తలకు వేసుకునే వల యులారాలో అమ్ముతారు. వేసుకుంటే ఫోటోల్లో బాగోదని మొదటిరోజు మానేస్తారు, రెండోరోజు కొంటారు. చలికాలంలో ఈ బాధ బాగా తక్కువ.

అలీస్ స్ప్రింగ్స్ నుంచి కారులో వెళ్లడం మంచిదా, నేరుగా విమానమా?

టైముంటే కారు. చాలామంది అలీస్ స్ప్రింగ్స్ పట్టణం పక్కనే ఉలూరు అనుకుంటారు. మధ్యలో దాదాపు 450 కిలోమీటర్లు. స్టువర్ట్ హైవే మీద 200 కిలోమీటర్లు దక్షిణానికి వచ్చి, ఎర్ల్‌డండా దగ్గర పడమటికి తిరిగి లాసెటర్ హైవే పట్టాలి. అంతా తారురోడ్డే, ఐదు గంటలు. ఎర్ల్‌డండాలో పెట్రోల్ కొట్టించుకోండి. దారిలో ఎడమవైపు బల్లపరుపుగా ఒక పెద్ద కొండ కనిపిస్తుంది, అందరూ కారాపి "ఉలూరు వచ్చేసింది" అని సెల్ఫీలు దిగుతారు. అది మౌంట్ కానర్. ఉలూరు ఇంకా గంట దూరం.

పొద్దుగూకాక నడపొద్దు. కంగారూలు, విడిగా తిరిగే పశువులు, ఒంటెలు రోడ్డు మీదికి వస్తాయి. అద్దె కారు ఒప్పందాల్లో చాలావాటికి రాత్రి నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని, మట్టిరోడ్లు ఎక్కకూడదని ఉంటుంది. రోజుకు ఇన్ని కిలోమీటర్లే అనే పరిమితీ ఉంటుంది, దాటితే బిల్లు పేలుతుంది. సంతకం పెట్టే ముందు ఆ చిన్నక్షరాలు చదవండి.

అన్నట్టు ఆ ఒంటెలు మన వైపు నుంచి వచ్చినవే. 1860ల నుంచి అప్పటి బ్రిటిష్ ఇండియా, కరాచీ రేవు మీదుగా వేలకొద్దీ ఒంటెల్ని, వాటిని తోలేవాళ్లను ఓడల్లో తెచ్చారు. తోలేవాళ్లలో బలూచీలు, పంజాబీలు, పఠాన్లు అందరూ ఉన్నా, ఇక్కడివాళ్లు ఆఫ్గన్లు అనే ఒకే పేరు పెట్టారు. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే "ఘాన్" రైలుకు ఆ పేరు అందుకే. లారీలు రాగానే ఒంటెల్ని ఎడారిలో వదిలేశారు, అవి అలాగే పెరిగిపోయాయి.

బస ఎక్కడ? ఖర్చు తగ్గించుకునే దారి ఉందా?

పార్కు లోపల ఉండనివ్వరు, టెంట్ కూడా వేయనివ్వరు. అన్నీ యులారాలోనే, దాదాపు అన్నీ ఒకే సంస్థ కింద. పోటీ లేదు కాబట్టి రేట్లు మండుతాయి. స్కూల్ సెలవుల్లో ఇంకా. నలుగురు వెళితే వంటగది ఉన్న ఎము వాక్ అపార్ట్‌మెంట్లు లెక్కకు సరిపోతాయి. కుర్రాళ్లయితే క్యాంప్‌గ్రౌండ్. ఎయిర్‌పోర్టు నుంచి హోటళ్లకు, ఊరిలో తిరగడానికి ఉచిత బస్సులున్నాయి. కొండకు మాత్రం కారో, డబ్బు కట్టే బస్సో కావాలి.

శాకాహారులం. తిండికి ఎలా?

ఆకలితో ఉండరు కానీ సంబరపడేదీ ఉండదు. బర్గర్, పాస్తా, పిజ్జా, ఒకట్రెండు చోట్ల కూర లాంటిదేదో. సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి, ధర సిడ్నీ కన్నా ఎక్కువ. చిన్న రైస్ కుక్కర్, పులిహోర పేస్ట్, కందిపొడి, ఆవకాయ సీసా ఉంటే ఏ టెన్షనూ లేదు. ఇండియా నుంచి నేరుగా తెచ్చేవాళ్లు ఎయిర్‌పోర్టులో తినుబండారాలన్నీ డిక్లేర్ చేయండి. ఉన్నది చెప్పి పారేయించుకోవడం వేరు, దాచి జరిమానా కట్టడం వేరు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?

నిశ్చింతగా. మాలా, కునియా నడకలు రెండూ వీల్‌చైర్ వెళ్లేంత చదును. సూర్యాస్తమయం కారు పార్కింగ్ దగ్గరే కుర్చీ వేసుకుని చూడొచ్చు. అస్తమయానికి అరగంట ముందే చేరండి, సూర్యుడు మునిగాక వెంటనే కారెక్కకండి. ఆ తర్వాతి పావుగంటలోనే కొండ ఎరుపు నుంచి వంకాయ రంగుకు దిగుతుంది, అప్పటికే సగం బస్సులు వెళ్లిపోతాయి. బీపీ, షుగర్ మందులు మూడు రోజులకు కాదు, వారానికి సరిపడా పెట్టుకోండి. యులారాలో క్లినిక్ ఉంది, పెద్ద ఆసుపత్రి అంటే అలీస్ స్ప్రింగ్సే. ఇన్సూరెన్స్‌లో విమాన అంబులెన్స్ ఖర్చు కలిసుందో లేదో చూసుకోండి.

లైట్ల షోలు డబ్బుకు తగ్గట్టుంటాయా?

ముఖ్యంగా రెండున్నాయి. ఫీల్డ్ ఆఫ్ లైట్ అనేది బ్రూస్ మన్రో అనే కళాకారుడు 2016లో పెట్టింది, ఇసుకలో 50,000 చిన్న దీపాలు. పిల్లలకు నచ్చుతుంది. 2023లో మొదలైన వింజిరి వీరు షోలో వెయ్యికి పైగా డ్రోన్లు మాలా కథను ఆకాశంలో గీస్తాయి, కథనం అనంగు భాషలోనే, వాళ్ల సంప్రదింపులతోనే. ఒకటే చూడాలంటే రెండోది. ఏదీ చూడకపోయినా నష్టం లేదు, ఎందుకంటే అసలు షో ఉచితం. పంచాంగంలో అమావాస్య చూసుకుని వెళ్లండి. పాలపుంత చేతికందేలా ఉంటుంది. మన ఊళ్లో వేసవిలో దక్షిణాన దిగువన కనీకనపడని త్రిశంకు నక్షత్రాలు ఇక్కడ చాలా ఎత్తున వెలుగుతాయి.

గుర్తుగా ఒక చిన్న ఎర్రరాయి తెచ్చుకోవచ్చా?

వద్దు. నేరం కూడా. ఏళ్ల కిందట తీసుకెళ్లినవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి రాళ్లను, ఇసుకను క్షమాపణ ఉత్తరాలతో పోస్టులో వెనక్కి పంపుతూనే ఉంటారు. కొందరు ఆ రాయి వచ్చాక కష్టాలొచ్చాయని రాస్తారు. పార్కు వాళ్లకు అదొక అదనపు పని. గుర్తు కావాలంటే కల్చరల్ సెంటర్‌లోని మారుకు ఆర్ట్స్‌లో చెక్క మీద వేడి తీగతో గీసిన బల్లి బొమ్మ కొనండి. అది అనంగు కళాకారుల సొంత సంస్థ. కొన్నదానికి కళాకారుడి పేరు రాసిన కాగితం అడిగి తీసుకోండి. అలీస్ స్ప్రింగ్స్‌లో పేరూ ఊరూ లేని "అబోరిజినల్ ఆర్ట్" చవకగా దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు.

అనంగు వాళ్ల ఊరు చూడొచ్చా?

కొండ పక్కనే ముతిజులు అనే ఊరుంది. పర్మిట్ లేకుండా వెళ్లకూడదు. అది ప్రదర్శన కాదు, జనం కాపురముండే చోటు. యులారాలో, కల్చరల్ సెంటర్‌లో కలిస్తే "పల్యా" అనండి, పలకరింపుకూ బాగుందనడానికీ అదే మాట. కళ్లలోకి గుచ్చి చూడకపోవడం అక్కడ మర్యాద, మాట తక్కువైతే కోపమనుకోకండి. వాళ్ల గతం, ఇప్పటి రాజకీయాల గురించి తెలుసుకోవాలనుకుంటే 2017లో ఇక్కడే వెలువడిన ఆస్ట్రేలియా ఆదివాసుల ప్రకటన "ఉలూరు స్టేట్‌మెంట్ ఫ్రమ్ ద హార్ట్" చదవండి, ఒక పేజీయే. అందులో అడిగిన ప్రాతినిధ్యం కోసం పెట్టిన రెఫరెండం 2023 అక్టోబర్‌లో ఓడిపోయింది. ఆ సంగతి తెలిసి వెళితే ఎవరితో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తెలుస్తుంది.

అదనంగా ఒక రోజుంటే?

కింగ్స్ కాన్యన్, యులారా నుంచి 300 కిలోమీటర్లు. అంచు నడక 6 కిలోమీటర్లు, మొదట్లోనే 500 మెట్ల వరకు నిట్టనిలువు ఎక్కుడు. అక్కడే ఒక రాత్రి ఉండి పొద్దున్నే నడవండి. దారి పొడవునా ఎర్రమట్టిలో ఎడారి ఓక్ చెట్లు కనిపిస్తాయి. పేరు ఓక్ అయినా మన సరుగుడు కుటుంబమే. చిన్నప్పుడు సన్నటి చీపురులా నిలువుగా పెరిగి, వేరు లోతునున్న నీటిని అందుకున్నాకే కొమ్మలు విప్పుతుంది.

వాన పడితే ట్రిప్ దండగేనా?

కాదు. ఏడాదికి సగటున 300 మిల్లీమీటర్లే పడుతుంది కాబట్టి తడిసిన ఉలూరు చూడ్డం అదృష్టం, కొండ నిండా జలపాతాలు దూకుతాయి. అయితే వరదొస్తే రోడ్లు, ఒక్కోసారి పార్కే మూసేస్తారు. తిరుగు ప్రయాణానికీ ఇండియా ఫ్లైట్‌కీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్ యులారాలో ఉంటుంది, హైవే మీద గంటలకొద్దీ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఇంట్లోవాళ్లకు ఏ టైముకి చేరతారో చెప్పి బయల్దేరండి. అక్కడి గడియారం ఇండియా కన్నా నాలుగు గంటలు ముందు.